కన్నాలు లేని డబ్బాకు ఐదు వోల్టులు

"ప్లగ్గు ఉంటే ఇంట్లోనే ఉంచండి," అంది వార్డు నర్సు మేనేజరు ఫోన్లో. కోపంగా అనలేదు, జాలిగానూ అనలేదు. రోజుకి ఇరవై మందికి చెప్పే మాటను ఇరవై ఒకటో మనిషికి చెబుతున్న గొంతు అది. నేను అడిగింది ఒక పాత వీడియో గేము పెట్టె గురించి. స్ట్రోక్ వచ్చి మా ఆయన ఆ రీహాబ్ వార్డులో చేరి అప్పటికి నెల. 2021 మొదటి నెలలు, కోవిడ్ రోజులు. డబ్లిన్‌కు ఈ చివర లూకన్‌లో మా ఇల్లు, ఆ చివర ఆసుపత్రి. లోపలికి ఎవరినీ రానివ్వరు. ఉతికిన బట్టల సంచి మీద పేరు, వార్డు నంబరు రాసి గుమ్మం దగ్గర బల్ల మీద పెట్టి రావడమే.

"మరి బ్యాటరీతో నడిస్తే?" అన్నాను.

"ఎలాంటి బ్యాటరీ? ఇంట్లో అతికించిన లిథియం అయితే నేను ఒప్పుకోను. టీవీ రిమోట్‌లో వేసే లాంటివైతే గ్రాండ్. ఇంకో మాట. ఇక్కడ ప్రతి వస్తువునీ రోజుకి మూడుసార్లు మందు నీళ్లతో తుడుస్తాం. కన్నాలు ఉండకూడదు. తాకితే వేడిగా ఉండకూడదు."

గ్రాండ్ అంటే ఇక్కడివాళ్ళ మాటల్లో సరే అని. నాలుగు షరతులూ పాత కవరు మీద రాసుకున్నాను. విజయవాడలో ఒక దినపత్రిక డెస్కులో ఇరవై రెండేళ్లు పని చేసి, ఈయన ఉద్యోగం వెంట ఇక్కడికి వచ్చినదాన్ని. ఎవరైనా షరతులు చెబుతుంటే చేయి దానంతటదే రాసుకుంటుంది.

ఆ పెట్టే ఎందుకో చెప్పాలి. ఆయనకు కుడిపక్క దెబ్బతింది. కాలు మెల్లగా దారికొస్తోంది. చేయి రావడం లేదు. అసలు దాన్ని రమ్మని అడగడమే ఆయన మానేశారు. థెరపిస్టు ముందు పెట్టిన రంగు పూసల్నీ మైనం ముద్దనీ ఎడమచేత్తో పక్కకు నెట్టేస్తున్నారట. "నన్ను అంగన్‌వాడీలో కూర్చోబెట్టారు," అన్నారు నాతో వీడియో కాల్‌లో. థెరపిస్టు దాచకుండా చెప్పింది: మూడు వారాల్లో సమీక్ష. అప్పటికీ కుడిచేయి పనిలోకి దిగకపోతే, దాని మీద పెట్టే గంటల్ని ఎడమచేత్తో బతకడం నేర్పడానికి మళ్ళిస్తారు.

"తప్పేముంది?" అన్నారు ఆయన. "ఎడమచేత్తో స్పూనుతో తింటున్నా. కడుపు నిండటం లేదా?"

పెళ్ళయినప్పటి నుంచీ నేను చూస్తున్న మనిషి కుడిచేత్తో కలిపి, ముద్ద చేసి, పచ్చడి అంటించుకుని తింటారు. ఎడమచేయి కంచం అంచు కూడా తాకదు. ఆ కుడిచేయిని ఒళ్ళో పడుకోబెట్టి, ఎడమచేత్తో తిని, కడుపు నిండిందని చెప్పే మనిషెవరో నాకు తెలియదు.

"నాకు నిండటం లేదు," అన్నాను. ఆయన ఫోను పెట్టేశారు.

పెళ్ళయిన కొత్తలో మా ఇంట్లో ఒక వీడియో గేము పెట్టె ఉండేది. టీవీకి తగిలించే రకం, పసుపుపచ్చ క్యాసెట్టు, అట్ట మీద వందల ఆటలని రాసి లోపల పది ఆటల్నే తిప్పి తిప్పి చూపించేది. నా డ్యూటీ సాయంత్రం మొదలయ్యేది కాబట్టి మధ్యాహ్నాలు ఇద్దరం దాని ముందు కూర్చుని ట్యాంకులాట ఆడేవాళ్ళం. ఆ పెట్టెను ఆయన ఐర్లండు దాకా మోసుకొచ్చారు. ఎందుకని అడిగితే, పారేయడానికి కారణం కనబడలేదన్నారు. దాని మీటను, అంటే కంట్రోలరును, పట్టుకునే తీరు నాకు కళ్ళకు కట్టినట్టు తెలుసు. ఎడమ బొటనవేలితో ట్యాంకును నడపాలి. కుడి బొటనవేలితో గుండు పేల్చాలి. పేల్చే బొత్తాం గట్టిది, లోపలికి దిగితే కానీ పలకదు. ఒంటిచేత్తో ఆడటం కుదరదు. నాకు కావలసింది సరిగ్గా అదే.

మా వీధి చివర వరంగల్ ఆయన ఒకరుంటారు. ఎలక్ట్రానిక్స్ చదివారు, ఉద్యోగం సాఫ్ట్‌వేర్‌లో. నన్ను చెల్లె అంటారు, నేను అన్నయ్యగారూ అంటాను. రోజూ నడకకు వచ్చి, మా కారు వెనక రెండు మీటర్ల దూరంలో ఆగి, యోగక్షేమాలు అడిగి పోయేవారు. సంగతి చెప్పాను.

"గా డబ్బా ఎందుకు చెల్లె? ఒక ట్యాబ్ కొనియ్యి, అయిపాయె. అండ్ల లక్ష ఆటలుంటయ్."

"ట్యాబ్ మీద ఎడమ వేలితో గీస్తారు అన్నయ్యగారూ. కుడిచేయి అలాగే పడుకుంటుంది."

"సరే. మరి నువ్వు చేస్తవా? నీకు సోల్డరింగు వస్తదా?"

"నేర్చుకుంటాను."

"యాభై ఏండ్లకు!" అని నవ్వారు.

"యాభై మూడు," అన్నాను. నవ్వు ఆపారు.

పోతూ పోతూ ఒక సలహా పారేసి వెళ్ళారు. "సెవెంటీ ఎయిట్ నాట్ ఫైవ్ ఏస్తే అయిపాయె. మూడు కాళ్ళది. కండ్లు మూసుకొని పనిచేస్తది. మా కాలేజీల గదే నేర్పిన్రు."

పెట్టె విప్పితే ఆయన చెప్పిన మూడు కాళ్ళది అందులో అప్పటికే ఉంది, ఒక అల్యూమినియం రేకుకు బిగించి. దాన్ని వోల్టేజీ రెగ్యులేటరు అంటారు. అడాప్టరు తొమ్మిది వోల్టులు పంపిస్తుంది, ఆటబోర్డుకు కావలసింది ఐదు. మిగతా నాలుగింటినీ ఈ భాగం వేడిగా మార్చి పారేస్తుంది. గోడలోంచి కరెంటు వస్తున్నంతకాలం ఎవరికీ పట్టలేదు.

ఫ్రిజ్‌లో కూరలు పెట్టుకునే పెద్ద డబ్బా ఒకటి తీశాను. నాలుగు పక్కలా కొక్కేలు, పారదర్శకమైన మూత. మూత కింద ఐదు వోల్టులతో నడిచే చిన్న తెర, అడుగున ఆటబోర్డు, పక్కన ఆరు సెల్స్ పట్టే అర. మీట తీగ బయటికి వచ్చే చోట సిలికాన్ పూశాను. ఎక్కడా గాలి కన్నం లేదు. సెల్స్ ఇంట్లో ఛార్జి చేసి బట్టల సంచితో పంపవచ్చు, వాడినవి మాసిన బట్టలతో వెనక్కి వస్తాయి. రెండు వేళ్ళు కాల్చుకున్నాక సోల్డరింగు పట్టుబడింది. అంటే, అతుకులు అందంగా లేవు, ఊడిపోలేదు.

నాలుగో రోజుకు బొమ్మ వచ్చింది. ఇరవై రెండు నిమిషాలకు తెర మసకబారి ఆరిపోయింది. సెల్స్ అయిపోయాయనుకుని తీసి గోడగడియారంలో ఒకటి వేస్తే, అది హాయిగా నడిచింది. డబ్బా మూత తీస్తే ఇడ్లీపాత్ర తీసినట్టు ఆవిరి ముఖానికి కొట్టింది.

కారణం తయారీదారు ఇచ్చే వివరాల కాగితంలో ఉంది. ఆ మూడు కాళ్ళది ఐదు వోల్టులు ఇవ్వాలంటే లోపలికి ఏడైనా రావాలి. ఆరు సెల్స్ నిండుగా ఉన్నప్పుడు ఎనిమిది పైన ఇస్తాయి, కాసేపటికే ఏడు చుట్టూ తిరుగుతాయి, పూర్తిగా ఖాళీ అయ్యేసరికి ఆరు. అంటే సెల్స్‌లో ఉన్న సత్తువలో ఎక్కువ భాగం దీనికి పనికిరాదు. పనికొచ్చిన కాసేపు కూడా రెండు వాట్ల దాకా వేడి. కన్నాలు లేని డబ్బాలో ఆ వేడి పోయే దారి లేదు. కన్నాలు పెడితే వార్డు షరతుల్లో ఒకటి తప్పుతుంది, పెట్టకపోతే వేడి షరతు తప్పుతుంది.

తర్వాత చేసిన తప్పుకు నన్ను నేనే తిట్టుకోవాలి. డబ్బా బరువు తగ్గిస్తే బలం లేని చేతికి మంచిదనిపించింది. వోల్టేజీని పెంచే రకం రెగ్యులేటర్లు దొరుకుతాయి. రెండు సెల్స్ ఇచ్చే రెండున్నర వోల్టుల్ని ఐదుకు ఎత్తుతాయి. ఆన్‌లైన్‌లో ఒకటి చూశాను. పెద్ద అక్షరాలతో: రెండు ఆంపియర్లు. నాకు కావలసింది, తెరకూ బోర్డుకూ కలిపి, అర ఆంపియరు కంటే కొంచెం ఎక్కువ. మూడింతలుందిగా అని తెప్పించాను.

పెట్టగానే తెర వెలిగింది, ఆరింది, వెలిగింది, ఆరింది. సెల్స్ మార్చాను. అతుకులన్నీ మళ్ళీ అతికాను. తెరను అనుమానించాను. నాలుగు రోజులు ఇలా పోయాయి. ఐదో రోజు వివరాల కాగితం ముందు పెట్టుకుని వార్త కాపీ దిద్దినట్టు పెన్సిలు పట్టుకుని చదివితే ఆరో పేజీలో దొరికింది. ఆ రెండు ఆంపియర్లు బయటికి ఇచ్చేది కాదు. లోపల ఉన్న స్విచ్చి తట్టుకోగలిగిన గరిష్ఠం. వోల్టేజీ రెండింతలు పెంచాలంటే సెల్స్ వైపు నుంచి రెండింతలకు పైగా కరెంటు లాగాలి, అది అందక చిన్న సెల్స్ కూలబడుతున్నాయి. అసలు వాక్యంలో "వరకు" అనే మాట ఉంది. అమ్మేవాడు శీర్షికలోంచి దాన్ని తీసేశాడు.

ఇరవై రెండేళ్లు నేను చేసిన పని కూడా అదే. కాలమ్‌లో పట్టడం లేదని శీర్షికలోంచి "వరకు"లూ "అవకాశం"లూ ఎన్ని కోసి పారేశానో లెక్క లేదు. కొత్తగా చేరిన సబ్‌ఎడిటర్లు అలా కోసినప్పుడు మాత్రం కాపీ చివరిదాకా చదివారా అని గద్దించేదాన్ని. ఇప్పుడు శీర్షిక చదివి వస్తువు కొన్నాను.

అన్నయ్యగారు ఆ సాయంత్రం సంగతి విని మాస్కు కింద నవ్వుకున్నారు. "పేపరు సదివినట్టు సదివినవు చెల్లె. మొదటి పేజీ చూసి మడత పెట్టినవు."

"పేపరు మీరు అలా చదువుతారేమో. మేం అలా తయారు చేయం," అన్నాను. అబద్ధమే. కానీ ఆ పూట ఓడిపోదలచుకోలేదు.

"ఇడిసిపెట్టు చెల్లె. దవాఖానోళ్ళకు తెల్వదా ఏం చెయ్యాల్నో?"

"వాళ్ళకి చేతులన్నీ తెలుసు. ఈ చేయి నాకు తెలుసు. సమీక్షకు పదకొండు రోజులుంది, వదలను."

మరునాడు మూడు రకాల రెగ్యులేటర్ల వివరాల కాగితాలు ప్రింటు తీసి భోజనాల బల్ల మీద పరిచాను. ఈసారి చివరి పేజీ నుంచి మొదటికి చదివాను. పెద్ద అక్షరాలు ఉండే మొదటి పేజీ మీద పళ్ళెం బోర్లించాను.

మొదటిది పాత మూడు కాళ్ళదానికి చెల్లెలి వరస. లోపలికి ఐదున్నర వస్తే చాలు, ఐదు ఇస్తుంది. సెల్స్ చివరిదాకా పనికొస్తాయి. వేడి మాత్రం అంతే, ఎందుకంటే ఇదీ మిగిలిన వోల్టుల్ని కాల్చి పారేసే రకమే. మూసిన డబ్బాకు కుదరదు. రెండోది వోల్టేజీని తగ్గించే స్విచ్చింగు రకం. కరెంటును క్షణంలో వేలసార్లు తెరిచి మూస్తూ, కావలసినంతే తీసుకుంటుంది. వేడి ఒక వాట్‌లో మూడో వంతే. చవక కూడా. కానీ దాని నెత్తిన ఒక చిన్న మర ఉంది, అది తిప్పితే వోల్టేజీ మారుతుంది. డబ్బా ఎవరి చేతిలోనైనా జారి, ఆ మర కొంచెం తిరిగితే పాతికేళ్ల నాటి ఆటబోర్డు మాడిపోతుంది. అలాంటి బోర్డు ఇంకొకటి నాకెక్కడా దొరకదు. మూడోది అదే రకం, కానీ ఫ్యాక్టరీలోనే ఐదు వోల్టులకు బిగించినది. తిప్పడానికి ఏమీ లేదు. బయటికి ఒక ఆంపియరు, ఆ ఒకటి నిజంగా బయటికిచ్చేదేనా అని గ్రాఫు చూశాను. లోపల ఆరు వోల్టులున్నప్పుడు, గాలి ఆడనప్పుడు ఎంత ఇస్తుందో వేరే పట్టికలో చూశాను. రెండు చోట్లా ఒకే మాట ఉంటేనే టిక్కు పెట్టాను.

దాన్నే తెప్పించాను. మూడు రోజులకు వచ్చింది. తెర మీద రెండు సన్నటి గీతలు చీమల బారులా పాకాయి. రెగ్యులేటరు కరెంటును తెరిచి మూసే అలజడి బొమ్మలోకి దూరుతోంది. అన్నయ్యగారికి చెప్పాను. మరునాడు ఉదయం మా కిటికీ అంచు మీద చిన్న కాగితం పొట్లం ఉంది. లోపల ఒక రాగితీగ చుట్ట, ఒక కెపాసిటరు, వోల్టులు కొలిచే ఆయన మల్టీమీటరు. చీటీ మీద ఎక్కడ అతకాలో బొమ్మ. పెట్టగానే గీతలు మాయమయ్యాయి. నా మీటరు ఐదు పాయింటు ఒకటి అంది. ఒక్కరి మాట మీద వార్త వేయను కనుక ఆయన మీటరుతోనూ చూశాను. ఐదు పాయింటు సున్నా రెండు.

మూత బిగించి, సోఫా మీద పెట్టి, నేనే కూర్చుని ఆడాను. మూడు గంటల నలభై నిమిషాలు. డబ్బా అడుగున చేయి పెడితే చంటిపిల్ల నుదురంత వెచ్చన.

"ఆవకాయ డబ్బాలెక్కున్నది," అన్నారు అన్నయ్యగారు, మీటరు తీసుకోవడానికి వచ్చి. అంతకు మించిన మెచ్చుకోలు నేనూ ఆశించలేదు.

అప్పట్లో ఇంటి నుంచి ఐదు కిలోమీటర్లు దాటకూడదు. సంచి ఇచ్చి రావడానికి అనుమతి ఉండేది, అయినా దారిలో గార్డాలు అనే ఇక్కడి పోలీసులు ఆపి అడిగేవాళ్ళు. ఆ రోజు ఆపిన పోలీసు పక్క సీటులో బెల్టు పెట్టి కూర్చోబెట్టిన డబ్బాను వంగి చూశాడు.

"ఏమిటది?"

"వీడియో గేము. ఆసుపత్రికి."

"అది అత్యవసరమా?"

"నా భర్త కుడిచేతికి అత్యవసరం."

మూతలోంచి తీగల్ని ఇంకోసారి చూశాడు. "ఎవరు చేశారు?"

"నేను."

"పదండి," అన్నాడు. 

నర్సు మేనేజరు సాయంత్రం ఫోను చేసింది. తుడిచిందట, అరగంట నడిపిందట, అరచేయి ఆనించి చూసిందట. "గ్రాండ్," అంది. "ఉంచుతున్నాం. కానీ ఆయన దాని వంక చూడటం లేదు."

సమీక్షకు ఐదు రోజులుంది. వీడియో కాల్ చేశాను. డబ్బా మంచం పక్క బల్ల మీద ఉంది, ఆయన గోడ వైపు తిరిగి ఉన్నారు.

"ఎవరితో చేయించావు?"

"చేయించలేదు. చేశాను."

"నువ్వా? ఫీజు పోతే పక్కింటివాళ్ళను పిలిచేదానివి!"

"ఆడి చూడండి, తెలుస్తుంది."

"చేయి లేదుగా."

"ఎడమచేయి ఉందిగా. ట్యాంకును నడుపుకోండి. పేల్చడం మీవల్ల కాదులెండి, పారిపోతూ ఉండండి."

ఫోను కొంచెం పక్కకు ఒరిగింది, నాకు పైకప్పు మాత్రమే కనిపించింది. ఆట మొదలయ్యే రాగం వినిపించింది. వెంటనే ట్యాంకు పేలిన చప్పుడు. మళ్ళీ రాగం, మళ్ళీ పేలుడు. ఏడోసారో ఎనిమిదోసారో అనుకుంటా, తెలుగులో ఒక తిట్టు వినిపించింది, చాలా రోజుల తర్వాత గట్టిగా. అది నన్ను కాదు, బొటనవేలిని. ఫోను పెట్టేశాను. అక్కడ నాకు పని లేదు.

రెండో రోజు వార్డు నుంచి ఫోను: సెల్స్ అయిపోయాయి, ఇంకా పంపమంటున్నారు. పన్నెండు పంపాను. మూడో రోజు ఇంకో పన్నెండు. గుండు ఎప్పుడు పేలిందని నేను అడగలేదు, ఆయన చెప్పలేదు.

సమీక్ష రోజు మధ్యాహ్నం థెరపిస్టు నాకు ఫోను చేసి మాటలు తూచి చెప్పింది. బొటనవేలిలో కదలిక ఉంది. తక్కువే. పూర్తిగా వస్తుందని తను చెప్పదు. కానీ ఆయన పని చేస్తున్నారు కాబట్టి కుడిచేతి గంటలు ఆరు వారాలు అలాగే ఉంచుతున్నారు. పెట్టె వల్లేనా అని అడిగితే, అలా రాయలేనంది. రాయమని నేనూ అడగలేదు. రాయడానికి సరిపడా ఆధారం లేదని నాకూ తెలుసు.

సాయంత్రం ఆయనే వీడియో కాల్ చేశారు. చొక్కా గుండీలు విప్పి ఉన్నాయి. లోపలి బనీను కనిపిస్తోంది.

"అదేమిటి, అలా కూర్చున్నారు?"

"ఒంటిచేత్తో గుండీలు పెట్టుకోవడానికి కొక్కెం ఒకటి ఇచ్చారు. వెనక్కి ఇచ్చేశా."

"మరి పెట్టుకోగలరా?"

"లేను. పొద్దున్నించీ ఇలాగే ఉన్నా. నర్సు వచ్చి పెడతానంది, వద్దన్నా. భోజనానికి రమ్మన్నారు, ఇక్కడికే తెమ్మన్నా." కుడిచేయి చొక్కా అంచును పట్టుకోబోయి జారింది. మళ్ళీ పట్టుకుంది. "ఒకటి పెట్టాను. రెండోది మొండికేస్తోంది."

"అదా, మీరా?"

"ముందు నువ్వు ఫోను పెట్టెయ్," అన్నారు. "రెండు చేతులూ కావాలి నాకు."